బారో ఏరూ, జలగండమూ

ఐర్లండులో నది అంటే అందరికీ గుర్తొచ్చేది షానన్. పొడవులో దాని తర్వాతది బారో, 192 కిలోమీటర్లు. 1465 కిలోమీటర్ల గోదారి ముందు పిల్లకాలవే. మా రాజమండ్రి వాళ్ళెవరైనా చూస్తే "దీన్ని కూడా నదంటారేంట్రా!" అనేస్తారు.

కార్లో కౌంటీలో బోరిస్‌కీ గ్రేగ్‌నమానాకీ మధ్య, ఈ ఏటి ఒడ్డునే క్లాష్‌గానీ అని ఓ చిన్న చోటుంది. ఒక లాకు, ఒక చిన్న ఆనకట్ట, కాస్త పచ్చిక, వెనకాల అడవి. అంతే. ధవళేశ్వరం లాకులు చూసినవాళ్ళకి చుట్టాలింటికొచ్చినట్టు ఉంటుంది. పూర్వం గుర్రాలు సరుకు పడవల్ని లాగిన గట్టే ఇప్పుడు 114 కిలోమీటర్ల నడకదారి.

ఇక్కడ కనిపించిన చోటల్లా టెంటు వేస్తే కుదరదు, స్థలం గలాయన సరేననాలి. మేం ఆ చుట్టుపక్కల ఓ రైతునడిగి ఆయన పొలం చివర వేసుకున్నాం. జూన్ నెల కదా, రాత్రి పదింటిక్కూడా వెలుగే. పులిహోర తింటూ కూర్చుంటే అమ్మ ఫోను: "పిల్లని నీళ్ళ దగ్గరికి పోనీకు." నా జాతకంలో జలగండం ఉందట, అందుకని నాకు ఈత నేర్పించలేదు. నలభై దాటినా మోకాలి లోతే నా హద్దు.

అమ్మ భయం ఉత్తిది కాదు. 2014 జూన్ 8న బియాస్ నదిలో, పైనున్న డ్యాం నుంచి వదిలిన నీళ్ళకి హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదాట్లో పడవ మునిగితే, ఎక్కినవాళ్ళలో సగానికి పైగా తిరిగి రాలేదు. బారో కూడా అమాయకురాలేం కాదు. ఆనకట్ట పైన అద్దంలా కనిపించే నీరు, కింద సుడి తిరిగి మనిషిని మళ్ళీ లోపలికే లాగుతుంది. వేసవిలో కూడా చల్లదనానికి గుండె ఝల్లుమంటుంది, ఊపిరందదు.

మర్నాడు కయాక్ నేర్పే కుర్రాడు పిల్లలకి ముందు తెడ్డు ఇవ్వలేదు. లైఫ్ జాకెట్టు బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి, ఊడి రాదని చూశాకే ఇచ్చాడు. ఆనకట్ట వైపు ఎంతవరకు వెళ్ళొచ్చో కూడా చూపించాడు. భయపడమనలేదు, భయపడొద్దనీ అనలేదు. చేయాల్సింది చెప్పాడంతే.

మనం గండాన్ని జాతకంలో వెతుకుతాం, వీళ్ళు నీళ్ళల్లో వెతుకుతారు. తేడా అదే ననిపించింది.

వచ్చే నెల నుంచి పెద్దవాళ్ళ ఈత క్లాసులో చేరుతున్నాను. అమ్మకింకా చెప్పలేదు. మీరూ చెప్పకండేం!