చేప తల ముంగలికి

జానకంపేట దాటాక బండి చైను మొదటిసారి జారింది. మూడో గేరులో రేసు పెంచితే ఇంజను అరిచింది గానీ బండి ముందుకు పోలేదు. కాళ్ళ కింద టకటకా నాలుగు దెబ్బలు. అది 2016 జనవరి. బోధన్ నుంచి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు, ఒక పసుపు వ్యాపారి దగ్గర లెక్కలు రాసే పనికి, రోజూ పాత హీరోహోండా స్ప్లెండర్ మీద పోయి వచ్చేవాణ్ణి. చైనుకు నేను చేసిన సేవ ఏదైనా ఉందంటే, చప్పుడు మరీ ఎక్కువైన రోజు ఇంత వాడేసిన ఇంజనాయిలు పోయడం.

ఇంట్లో ఫిట్టరు ఉండగా మెకానిక్కు మజూరీ ఎందుకనుకున్నాను. బాపు షక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీలో కేన్ క్యారియర్ మీద పనిచేసి రిటైరయ్యాడు. చెరుకును మిల్లు దాకా మోసుకుపోయేది కూడా చైనే. కాకపోతే దాని ఒక్క లింకు ఎత్తాలంటే రెండు చేతులు కావాలి. 1937లో పుట్టిన ఆ ఫ్యాక్టరీని ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవారు. 2015 డిసెంబరులో అది మూతపడింది. అంతకుముందు ప్రతి జనవరిలో రోడ్డంతా చెరుకు బండ్లు, ట్రాక్టర్లు, ఊరంతా మడ్డి వాసన. ఆ ఏడు ఏ బండి వెనకా ఆగకుండా ఆఫీసుకు ముందే చేరుతున్నాను. బాపు మాత్రం పొద్దున షిఫ్టు వేళకు అలవాటుగా లేచి, అరుగు మీద ఊరికే కూచునేవాడు.

ఆదివారం చైను, ముందరి స్పాకెట్ కొనుక్కొచ్చాను. పద్నాలుగు పళ్ళది. బాపు పొట్లం విప్పి చూసి, “వెనుకదేది?” అన్నాడు.

“అది మంచిగనే ఉంది బాపు.”

ఆయన ఏమీ అనలేదు. అసలు సంగతేమిటంటే, వెనక చక్రం విప్పడమంటే నాకు భయం. పైగా జేబులో పైసలు లేవు.

గేరు రాడ్డు తీసి, ఎడమ పక్క మూత విప్పితే లోపల నల్లటి ముద్ద. గ్రీజు, రేగడి దుమ్ము కలిసి గట్టిపడి, పేచ్‌కస్‌తో గీరితే పెచ్చులుగా రాలింది. గ్యాస్‌నూనెతో కడిగాక స్పాకెట్ బయటపడింది. పళ్ళన్నీ ఒక దిక్కుకే వంగి, కొడవలి మొనల్లా ఉన్నాయి. దాన్ని ఆపి పట్టేది ఒక చిన్న రేకు, రెండు పదో నంబరు బోల్టులు. ఒకటి వచ్చింది. రెండోదాని తలను నా పానా గుండ్రంగా అరగదీసింది. బాపు అరుగు దిగి వచ్చి, ఉలి మొన అంచున పెట్టి సుత్తెతో మూడు చిన్న దెబ్బలు కొట్టాడు. బోల్టు కదిలింది. “బలం కాదురా, మూల దొరకాలె,” అని మళ్ళీ పోయి కూచున్నాడు.

రెండు చైన్లనూ పక్కపక్కన పరిచాం. లింకులు లెక్కపెడితే సమానమే, కానీ పాతది ఒక లింకు కన్నా ఎక్కువే పొడుగుంది. బాగా సాగిందన్నాను. బాపుకు ఆ మాట నచ్చలేదు. “ఇనుము సాగుతదా? పిన్నులు అరుగుతయి. ఒక్కో కీలు దగ్గర ఎంటికంత సందు. అసుంటియి నూటికి పైన ఉన్నయి గద.” ఓవరాలింగ్ రోజుల్లో క్యారియర్ చైను ఎట్లా విప్పేవారో, ఏ పిన్ను మార్చాలో గోరుతో తడిమి ఎట్లా చెప్పేవారో అప్పుడు చెప్పాడు. నెల రోజుల్లో ఆయన అంతసేపు మాట్లాడడం నేను వినలేదు. బండి పని ఆపి విన్నాను.

చైను కొసలు కలిపే లాకు దగ్గర నా పరువు పోయింది. పక్కడ్‌తో నొక్కబోతే టిక్కుమని ఎగిరిపోయింది. వాకిలి ఊడ్చాం, మట్టి జల్లెడ పట్టాం. గంట తర్వాత నా పాంటు మడతలో దొరికింది. రెండోసారి పెట్టాక బాపు వంగి చూసి నవ్వాడు. “ఉల్టా పెట్టినవ్. గది చేప లెక్క ఉంటది. చైను పోయే దిక్కుకు తల ఉండాలె, తోక కాదు.” తెరుచుకున్న తోక కొస ముందుంటే, దేనికైనా తగిలి ఊడిపోతుందట.

ఆఖరున చైనును వీణ తీగలాగా బిగించాను. బాపు మాట్లాడకుండా సీటు మీద కూచున్నాడు. ఆ బరువుకు అది ఇంకా బిగుసుకుని, వేలితో నొక్కినా కదల్లేదు. మళ్ళీ వదులు చేసి, కింద ఇంచు దాకా ఆడేట్టు పెట్టాను. సాయంత్రం ఇద్దరం ఎడపల్లి దాకా పోయి వచ్చాం. చైను చప్పుడు లేదు. షక్కర్‌నగర్ వైపు తిరగమని ఆయన అనలేదు, నేనూ అడగలేదు.

వానాకాలం రాకముందే మళ్ళీ కరకర మొదలైంది. అరిగిన వెనక పళ్ళ మీద కొత్త చైను తిరిగితే ఏమవుతుందో అదే అయింది. ఈసారి మూడూ ఉన్న సెట్టు తెచ్చి, వెనక చక్రం విప్పి, ఒక్కణ్ణే ఎక్కించాను. బాపు లోపల పడుకునే అడిగాడు.

“చేప తల ఏ దిక్కుంది?”

“ముంగలికే.”

“ఇంకోసారి చూడు.”