తీసేశాక ఏ టీముకి ఆడాడన్నా?

సెలక్షన్స్‌లో పేరు రాని పిల్లాడికి ఎవరైనా మొదట చెప్పేది జేమీ వార్డీ కథే. ఫుట్‌బాల్ చూసేవాళ్లకి ఇది కంఠతా వచ్చి ఉంటుంది. షెఫీల్డ్ కుర్రాడు. పదహారేళ్లప్పుడు షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్ పొట్టిగా ఉన్నాడని వదిలేసింది. తర్వాత విరిగిన కాళ్లకీ చేతులకీ కట్టే స్ప్లింట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పని. 2012లో లెస్టర్ సిటీ పది లక్షల పౌండ్లు పెట్టి కొనుక్కుంది. 2016లో ప్రీమియర్ లీగ్ టైటిల్. వెనక ఒక మంచి బీజీఎం వేస్తే రీల్ రెడీ.

మా టీం గోల్‌కీపర్ ఆ రీల్‌నే ఒక పదమూడేళ్ల వాడికి చూపించాడు. వాడు మొత్తం చూశాడు. ఫోన్ తిరిగి ఇచ్చేస్తూ, "తీసేశాక ఏ టీముకి ఆడాడన్నా?" అని అడిగాడు.

రీల్‌లో ఆ ముక్క లేదు. హాస్టల్‌కొచ్చి వెతుక్కున్నాం. స్టాక్స్‌బ్రిడ్జ్ పార్క్ స్టీల్స్ అట. షెఫీల్డ్ పక్కన చిన్న ఊరి క్లబ్. మెయిన్ టీములోకి వచ్చాక వారానికి 30 పౌండ్లు ఇచ్చేవాళ్లు. పగలు ఫ్యాక్టరీ, సాయంత్రం ప్రాక్టీసు. 2010లో హాలిఫాక్స్, 2011లో ఫ్లీట్‌వుడ్, ఆ తర్వాతే లెస్టర్. అంటే రీల్‌లో రెండు సెకన్లలో దాటేసిన చోట తొమ్మిదేళ్లున్నాయి. ఆ తొమ్మిదేళ్లలో చాలావరకు ఆయనకి ఆడుకోవడానికి ఎక్కడో ఒకచోట ఒక టీం ఉంది.

మిగతా వాళ్ల కథలు కూడా ఈ కళ్లతో చూస్తే ఇలాగే కనిపించాయి. హ్యారీ కేన్‌ని ఎనిమిదేళ్ల వయసులో ఆర్సెనల్ అకాడమీ ఒక్క సీజన్‌తో పంపించేసింది. వాడు ఇంటికెళ్లి దిండులో మొహం పెట్టుకుని కూర్చోలేదు, అంతకుముందు ఆడిన రిడ్జ్‌వే రోవర్స్ అనే పిల్లల క్లబ్‌కే తిరిగి వెళ్లాడు. అక్కడినుంచి వాట్‌ఫర్డ్, ఆ తర్వాత టాటెన్‌హామ్. ఎంగోలో కాంటే చిన్నగా ఉన్నాడని పెద్ద అకాడమీలేవీ తీసుకోకపోతే పారిస్ పక్కన సురేన్‌లో లోకల్ క్లబ్‌కే ఏళ్ల తరబడి ఆడాడు. 2018లో వరల్డ్ కప్ ఎత్తాడు. వీళ్ల గుండెధైర్యం గురించి ఎవరైనా చెప్తారు. ఆ ధైర్యం నిలబడటానికి కాళ్ల కింద ఉన్న ఆ చిన్న గ్రౌండ్ గురించి ఎవరూ చెప్పరు.

ఇప్పుడు మా సంగతి. మా కాలేజీ ఫుట్‌బాల్ టీంలో నలుగురం రెండేళ్లుగా ఆదివారం పొద్దున్నే వెనక కాలనీ పిల్లలకి ఆట నేర్పిస్తున్నాం. ఎన్‌ఎస్‌ఎస్ గంటల కోసం మొదలైంది, దాచడానికేం లేదు. పిల్లలు మెల్లగా నలభై మంది దాకా అయ్యారు. వాళ్లలో తొమ్మిది మంది కిందటేడు అండర్-14 జిల్లా సెలక్షన్స్‌కి వెళ్లారు.

సెలక్షన్స్ అంటే ఏంటో ఎప్పుడూ చూడనివాళ్ల కోసం చెప్తున్నా. పొద్దున ఏడింటికి సుమారు నూట యాభై మంది పిల్లలు. బర్త్ సర్టిఫికెట్ల జిరాక్సులు పట్టుకుని ఎండలో లైను. తలా ఇరవై నిమిషాల ఆట. ముక్కూమొహం తెలియని వాళ్లతో ఒక టీముగా కలిపేస్తే ఎవడూ ఎవడికీ పాస్ ఇవ్వడు, ఎందుకంటే పాస్ ఇచ్చినవాడిని ఎవరూ చూడరు. మధ్యాహ్నానికి పద్దెనిమిది పేర్లు చదువుతారు. చదవని పేర్లకి మాటుండదు. ప్లేస్‌మెంట్లలో మనకి కనీసం "వి రిగ్రెట్" అని ఒక మెయిలైనా వస్తుంది. వాళ్లకి అదీ లేదు. లిస్టు అయిపోయిందని తెలియడానికే ఒక నిమిషం పడుతుంది, ఆ నిమిషంలో పిల్లల మొహాలు చూడలేం.

మా తొమ్మిది మందిలో ఒక్కడికే పేరొచ్చింది. రానివాళ్లలో మా ఏడో నంబర్ కుర్రాడు ఉన్నాడు. రైట్ వింగ్. బక్కపలచగా ఉంటాడు, బంతి కాలికి అతుక్కుని ఉంటుంది. రీల్ చూసి ఆ ప్రశ్న అడిగింది వాడే.

వాడు నవంబర్ చివర్లో పుట్టాడు. వయసు లెక్క జనవరి 1 నుంచి. అంటే అదే గ్రూపులో జనవరిలో పుట్టినవాడు వాడికంటే దాదాపు పదకొండు నెలలు పెద్ద. మనకి ఈ వయసులో పదకొండు నెలలు ఏమీ కాదు. పదమూడేళ్లప్పుడు అది జానెడు ఎత్తు, పది కేజీల బరువు కూడా కావచ్చు. 1980ల్లో కెనడా ఐస్ హాకీలో ఇది మొదట లెక్కతో సహా బయటపడింది. పెద్ద టీముల్లో సంవత్సరం మొదట్లో పుట్టినవాళ్లే ఎక్కువ. తర్వాత చాలా దేశాల ఫుట్‌బాల్‌లోనూ అదే కనిపించింది. బెల్జియం వాళ్లయితే ఆలస్యంగా ఎదిగే పిల్లలకని జాతీయ స్థాయిలో వేరే టీమే పెట్టారు. ఇంగ్లాండ్ అకాడమీల్లో కొన్ని టోర్నమెంట్లు వయసు బట్టి కాకుండా శరీరం ఎంత ఎదిగింది అన్నదాన్ని బట్టి ఆడిస్తారు. మన దగ్గర దీనికి తోడు ఇంకో ముచ్చట ఉంది: సర్టిఫికెట్‌లో పదమూడు, మీసాల్లో పదిహేడు. ఆ మీసాల పక్కన మా వాడు నిలబడితే ఏ సెలెక్టర్ కన్ను ఎటు పోతుందో చెప్పక్కర్లేదు.

ఇదంతా పిల్లాడికి చెప్తే దిగులు తగ్గుతుందా అంటే, తగ్గదు. కానీ "నాకు రాదు" అని వాడు రాసేసుకున్న తీర్పులో ఒక లైను కొట్టేయొచ్చు.

సెలక్షన్స్ తర్వాత రెండు ఆదివారాలు వాడు గ్రౌండ్‌కి రాలేదు. వాళ్లమ్మ కాలేజీ గేటు దగ్గర టిఫిన్ బండి నడుపుతుంది, మనలో సగం మంది అక్కడే తింటాం. ఇడ్లీ పెట్టిస్తూ ఆవిడే చెప్పింది: "బాబూ, వాడు కిరాణా కొట్టు ముందునుంచి వెళ్లట్లేదు. చుట్టూ తిరిగి వెనక సందులోంచి వస్తున్నాడు." ఎందుకో నాకు వెంటనే తట్టలేదు. తర్వాత తెలిసింది, వీధి మొత్తం వాడిని "మెస్సీ" అని పిలుస్తుంది. కొట్టాయన రోజూ, "ఏం మెస్సీ, స్టేట్‌కి ఎప్పుడు పోతున్నావు?" అని అడుగుతున్నాడు. ఆయనకి పాపం లిస్టు సంగతి తెలీదు. నెల కింద ఆ పేరు వాడికి పండగ. ఇప్పుడు ఆ పేరు తప్పించుకోవడానికి ఒక సందు ఎక్కువ నడుస్తున్నాడు.

చిన్నప్పటినుంచీ ఒకే పేరుతో పెరిగిన పిల్లాడికి ఆ పేరు పోతే ఇంకేం మిగలదు. వాడు ఎనిమిదో తరగతి, లెక్కల్లో చురుకు, గాలిపటాలు తనే కట్టుకుంటాడు, చెల్లెల్ని సైకిల్ మీద స్కూల్లో దింపుతాడు. వాటిలో దేనికీ వీధిలో ఒక పేరు లేదు. మేం నలుగురం చేసిన మొదటి పని వాడిని వాడి అసలు పేరుతో పిలవడం. చాలా చిన్న విషయం. గ్రౌండ్‌లో మిగతా పిల్లలు అలవాటు మానుకోవడానికే నెల పట్టింది.

"ఆటే మాన్పించేస్తే ఈ బాధ ఉండదు కదా బాబూ" అని కూడా అందావిడ. వాళ్లాయన మాట అది. నేను, "మాన్పించాలంటే మాన్పించండక్కా, ఒక నెల ఆగి. ఓడిపోయి మానేశాననుకుంటే వాడికి అదే గుర్తుంటుంది" అన్నాను. సరే అంది. బహుశా ఇడ్లీ అప్పు ఉన్నవాడి మాట కాదనలేక.

వాడు తిరిగి రావడానికి కారణం మా మాటలు కావు, గాలి పంపు. బంతులకి గాలి కొట్టే పంపూ సూదీ ఎప్పుడూ వాడి దగ్గరే ఉంటాయి. మూడో ఆదివారం బంతులన్నీ మెత్తబడ్డాయి. పిల్లలు ఇద్దరు పోయి పంపు అడిగారు. వాడు ఇచ్చి పంపలేదు, తనే పట్టుకొచ్చాడు. గాలి కొట్టాడు. ఒక టీములో ఒకడు తక్కువయ్యాడు.

ఈలోగా వాళ్ల స్కూల్ పీఈటీ సార్ ఒక మంచి పని చేశారు. సెలక్షన్స్‌లో కూర్చున్నాయనకి ఫోన్ చేసి, మా వాణ్ణి ఎందుకు తీసుకోలేదో అడిగారు. రెండు మాటలు చెప్పారట. బరువు లేదు. ఎడమకాలు లేదు. సార్ ఆ రెండు ముక్కలూ తీసుకొచ్చి వాడి ముందు పెట్టారు. మొదటిది దేవుడి చేతిలో, వాళ్లమ్మ ఇడ్లీల చేతిలో ఉంది, దాన్ని వదిలెయ్. రెండోది గోడ ఉంటే చాలు. ఆ రోజునుంచి మా హాస్టల్ వెనక గోడకి సాయంత్రాలు దబ్ దబ్ అని ఎడమకాలి దెబ్బలు. ఎగ్జామ్స్ టైంలో విసుక్కున్న బీ-బ్లాక్ మిత్రులకి, కారణం ఇదీ.

"నువ్వు బాగా ఆడావురా, వాళ్లకే తెలీదు" అని మేమంతా వంద సార్లు అని ఉంటాం. ఆ మాటతో పిల్లాడు చేయగలిగింది ఏమీ లేదు. "ఎడమకాలు లేదు" అన్నది చేదుగా ఉన్నా, దాంతో సాయంత్రం ఏదో ఒకటి చేయొచ్చు.

కానీ గోడతో ఎన్నాళ్లు ఆడతాడు? జిల్లా సెలక్షన్స్ ఏడాదికి ఒక్కసారి. పేరు రాకపోతే మళ్లీ వచ్చే ఏడు దాకా మ్యాచ్ అన్నదే లేదు. ఫుట్‌బాల్ మనకి కొత్తా అంటే కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం తెచ్చిన టీం కోచ్ రహీం సాబ్ హైదరాబాద్ బడిపంతులు. 'మైదాన్' సినిమా చూసినవాళ్లకి తెలుసు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీం 1950 నుంచి ఐదేళ్లు వరసగా రోవర్స్ కప్ గెలిచింది. ఇప్పటికీ అనంతపురంలో ఆర్‌డీటీ వాళ్లు పల్లె పిల్లలకి ఆట నేర్పిస్తున్నారు. మా కాలనీ చుట్టుపక్కల మాత్రం అలాంటిదేం లేదు.

అందుకే లీగ్ పెట్టాం. పేరు పెద్దది, సరంజామా చిన్నది. ఆరు టీములు, టీముకి ఏడుగురు, ఆదివారం ఎనిమిదింటికి మొదటి మ్యాచ్. పాయింట్ల పట్టిక చాక్‌పీసుతో మెస్ గోడ మీద. ఒకే రూల్ గట్టిగా పెట్టాం: టీములో ఉన్న ప్రతివాడూ కనీసం సగం మ్యాచ్ ఆడాలి. గెలుపు కోసం బలహీనుణ్ణి కూర్చోబెడితే మూడు పాయింట్లు కట్. మొదట్లో పెద్దపిల్లలు గొడవ చేశారు. ఇప్పుడు వాళ్లే లెక్కపెట్టి మాకు గుర్తుచేస్తున్నారు.

ఇంగ్లాండ్‌లో కూడా ఈ విషయంలో కళ్లు తెరుచుకున్నది ఈమధ్యే. అకాడమీ వదిలేసిన ఒక 18 ఏళ్ల కుర్రాడు 2020లో చనిపోయాక, బయటికి పంపిన పిల్లల్ని ఎవరు చూసుకుంటున్నారు అన్న ప్రశ్న గట్టిగా వచ్చింది. ఆ తర్వాత క్రిస్టల్ ప్యాలెస్ క్లబ్, తాము వదిలేసిన కుర్రాళ్లకి మూడేళ్లపాటు అండగా ఉంటామని ప్రకటించింది. ఫోన్ చేసి కనుక్కోవడానికి ఒక మనిషి, వేరే క్లబ్బో చదువో ఉద్యోగమో వెతుక్కోవడానికి సాయం. అంత డబ్బున్న క్లబ్బులు చేస్తున్న పనిలో ఖరీదైనది ఏముందని చూస్తే, ఎక్కువ భాగం ఫోన్ చేయడమే.

ఈ ఏడు సెలక్షన్స్ కిందటి నెల అయ్యాయి. మా వాడి పేరు మళ్లీ రాలేదు. ఎడమకాలితో ఒక గోల్ కూడా కొట్టాడు, అయినా రాలేదు. మరుసటి ఆదివారం వచ్చాడు, కానీ ఫస్ట్ హాఫ్ అంతా లైను బయట గడ్డి పీకుతూ కూర్చున్నాడు. ఎవరం కదపలేదు. సెకండ్ హాఫ్‌లో వాళ్ల టీం కెప్టెన్, తొమ్మిదో తరగతి వాడు, "నువ్వు సగం ఆడకపోతే మా మూడు పాయింట్లు పోతాయిరా, లే" అని అరిచాడు. లేచాడు.

మేం నలుగురం ఫైనలియర్. మేలో వెళ్లిపోతాం. ఐదు బంతులు, పద్నాలుగు కోన్‌లు, ఒక విజిల్, రెండు రంగుల బిబ్‌లు స్పోర్ట్స్ రూంలో ఎడమవైపు బీరువాలో ఉన్నాయి. పంపు అక్కడ ఉండదు, అది ఎవరి దగ్గర ఉంటుందో మీకు తెలుసు. సెకండియర్ వాళ్లు కనీసం ముగ్గురు కావాలి. ఆట రాకపోయినా ఫర్వాలేదు, ఆదివారం ఏడున్నరకి లేవగలిగితే చాలు. బీ-బ్లాక్ రూం నంబర్ 214లో అడగండి.