కరియతో శ్రీరంగపట్నం

ఏటా సంక్రాంతి వెళ్ళిన తరువాత ఒక ఆదివారం మన సంఘం వారందరమూ కలిసి బస్సులో ఒక ఊరు చూచి, చీకటి పడేవేళకు ఇల్లు చేరడం పాఠకులకు తెలిసిన సంగతే. ఆ ఏర్పాట్లు చూచే భారం మా ముగ్గురి మీద పడుతూ ఉంటుంది. ఒకరు రిటైరైన ఉపాధ్యాయులు, అందరికీ మాస్టారు. ఒకరు ఇంటి వంటతోపాటు సంఘం వంటకూడా నెత్తిన వేసుకొన్న ఇల్లాలు. మూడోవారు ఆఫీసు గుమాస్తా. ప్రకటనలు రాయడం, చందాలు వసూలు చేయడం, పద్దు చెప్పడం గుమాస్తా వంతు. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నదీ ఆ చెయ్యే. తప్పు చేసినదీ ఆ చెయ్యే గనుక ముందు ఆ తప్పు ఒప్పుకొని, తరువాత తక్కిన కథ చెబుతాము.

2024 జనవరిలో శ్రీరంగపట్నం వెళ్ళినప్పుడు ప్రకటన చివర “పెంపుడు జంతువులను తీసుకొని రారాదు” అని ఒక వాక్యం చేర్చినాము. అలా రాయమని ఎవరూ అడగలేదు. ఏ కాగితం రాసినా చివర ఒక నిషేధం లేనిదే దానికి నిండుదనం రాదని ఆఫీసులో పట్టుబడిన అలవాటు. ప్రకటన వెళ్ళిన మూడోరోజున మా వీధి చివర ఉండే పెద్దమ్మగారు తమ పేరు తీసివేయమని కబురు చేసినారు. డబ్బు తిరిగి ఇచ్చి, ఎర్రసిరాతో పేరు కొట్టివేసినాము. కారణం మాత్రం అడగలేదు.

2024 డిసెంబరులో మళ్ళీ జాబితా తయారు చేస్తుంటే ఆ ఎర్రగీత కంటబడింది. ముగ్గురమూ ఆవిడ ఇంటికి వెళ్ళినాము. వసారాలో నల్లకుక్క ఒకటి గడపకు అడ్డంగా పడుకొని ఉన్నది. పేరు కరియ. వీధిలో పుట్టిన కుక్కే. పిల్లగా ఉన్నప్పుడు వానలో తడుస్తుంటే పెద్దాయన తువ్వాలులో చుట్టి తెచ్చినారట. ఆయన “కరియా, బా ఇల్లి” అని కన్నడంలో పిలిచేవారు. ఈవిడ “నల్లోడా, రారా” అంటారు. రెండింటికీ పలుకుతుంది. మన ఇళ్ళలో పిల్లలవలె దానికీ రెండు భాషలు.

“ఆయన పోయి రెండేండ్లు దాటింది నాయనా,” అన్నారు పెద్దమ్మగారు. “అస్థికలు శ్రీరంగపట్నం సంగమంలోనే కలిపినారు. ఆడవాళ్ళెందుకు అన్నారు పిల్లలు. నేనూ సరే అంటిని. ఆ నీళ్ళు ఒకసారి చూడవలెనని ఉంది. కానీ వీణ్ణి ఎవరి దగ్గర వదిలేది? నేను కనబడకపోతే అన్నం ముట్టడు. బస్సులోకి వద్దని మీరే రాస్తిరి గదా.”

ఇచ్చిన కాఫీ తాగి లేచి వచ్చినాము. వీధి మలుపు తిరిగేదాకా ముగ్గురిలో ఎవరూ మాట్లాడలేదు. “ఈసారి కూడా శ్రీరంగపట్నమే,” అన్నారు మాస్టారు.

శ్రీరంగపట్నం కావేరి నడుమ ఉన్న ద్వీపం. నది రెండు పాయలుగా చీలి ఊరిని చుట్టి, తూర్పున సంగమం దగ్గర మళ్ళీ ఒకటవుతుంది. ద్వీపమంటే పడవ ఎక్కవలెనేమో అనుకోవద్దు. వంతెన మీదుగా బస్సు ఊళ్ళోకే వెళుతుంది. కుక్కతో ప్రయాణానికి ఇది పెద్ద సదుపాయం.

సంఘం సమావేశంలో సంగతి చెప్పగానే కలకలం బయలుదేరింది. దేవుడి దర్శనానికి వెళ్ళే బస్సులో కుక్క ఏమిటని మడి ఆచారం గల ఒక పెద్దాయన కోపగించినారు. చిన్నప్పుడు కుక్క కరిచిన పిల్ల తల్లి ఒకావిడ, తాము రామన్నారు. ఇంకొకరు బస్సు పాడయితే డబ్బు ఎవరు కడతారన్నారు.

మాస్టారు నిదానంగా లేచినారు. ధర్మరాజు కథ అందరికీ తెలిసినదే, కుక్కను వదిలి స్వర్గానికి రథమెక్కనన్నాడు గదా అని మొదలుపెట్టినారు. అది పురాణమని పెద్దాయన తోసిపుచ్చినారు. “అయితే శాసనమే చెబుతాను,” అని మాస్టారు ఆతకూరు సంగతి ఎత్తినారు. మనం శ్రీరంగపట్నం వెళ్ళే దారిలోని మద్దూరు తాలూకాలోనే ఉన్నది ఆతకూరు. క్రీస్తుశకం 949-50 నాటి మాట. తక్కోలం యుద్ధంలో రాష్ట్రకూటుల పక్షాన గంగరాజు బూతుగుడు చోళరాజకుమారుడు రాజాదిత్యుణ్ణి చంపినాడు. బూతుగుని కొలువులో మణలేర అనే వీరుడు ఉండేవాడు. అతని పరాక్రమానికి మెచ్చి ఏమి కావలెనో కోరుకొమ్మంటే, అతడు కాళి అనే వేటకుక్కను కోరుకొన్నాడు. ఆ కుక్క పెద్ద అడవిపందితో పోరాడి, దాన్ని చంపి తానూ చచ్చింది. ఆతకూరు శివాలయం ముందు దానికి వీరశిల నిలిపి, దాని పూజకు భూమి ఇచ్చినారు. ఆ శిలను తరువాత బెంగుళూరు మ్యూజియానికి తెచ్చినారు.

పెద్దాయన కొంతసేపు ఊరుకొన్నారు. “రాయి నిలిపి పూజ చేసిన ఊరి మీదుగా పోతూ కుక్కను దింపమనడం బాగుండదు. కానీ నా సీటు ముందువైపు ఉండవలెను,” అన్నారు. అంతటితో ఆ చిక్కు తీరింది.

పిల్ల తల్లి భయం అలాంటిది కాదు. దానికి శాసనాలు పనికిరావు. ఏమీ చేయదులెండి అని ఆవిడకు నచ్చజెప్పడానికి మేము పూనుకోలేదు. కరిచిన కుక్కను గురించి కూడా అలాగే చెప్పి ఉంటారు గదా! కుక్కలన్నీ చివరి వరసలో ఉండవలెననీ, అందరికంటె ముందు అవే ఎక్కి అందరూ దిగిన తరువాతనే దిగవలెననీ నిర్ణయించినాము. బస్సుకు ఉన్న ఒక్క తలుపు ముందువైపే గనుక, ఇలా చేస్తే ఆ పిల్ల పక్కనుంచి కుక్క పోయే పనే ఉండదు. తల్లి ఆలోచించి పేర్లు రాయించినారు.

ఒక కుక్కకు అనుమతి ఇచ్చినామని తెలియగానే ఇంకొక రెండు అర్జీలు వచ్చినవి. ఒకటి లాబ్రడార్, ఒకటి పామరేనియన్. 31 మంది మనుషులు, మూడు కుక్కలు. బస్సు మాట్లాడబోతే ఇద్దరు యజమానులు వినగానే కుదరదన్నారు. మూడో ఆయన ఒప్పుకొన్నాడు. సీట్లమీద మా దుప్పట్లే పరచవలెను, మాసిపోతే కడిగించే కూలి మేమే ఇచ్చుకోవలెను. ఆ షరతులు కాగితం మీద పెట్టి ఇరువైపులా సంతకాలు చేసినాము.

ఒక పశువైద్యుణ్ణి అడిగి, మాకు తోచినవి కూడా చేర్చి కొన్ని నియమాలు రాసినాము. ముందుముందు ఎవరికైనా పనికివస్తవి గనుక ఇక్కడ చెబుతాము. ప్రతి కుక్కకూ ఆ ఏటి రేబీస్ టీకా చీటీ చూపవలెను. బయలుదేరే ముందు మూడు నాలుగు గంటలు తిండి పెట్టరాదు, నీళ్ళు మాత్రం కొద్దికొద్దిగా ఇవ్వవచ్చు. కడుపు నిండా ఉంటే బస్సు కుదుపుకు వాంతి చేసుకొంటుంది. మెడపట్టీకి గొలుసు కట్టి సీటుకు తగిలించరాదు. బ్రేకు వేసినప్పుడు మెడ లాగుతుంది. ఛాతీ చుట్టూ వేసే పట్టీయే మేలు. ఆగినచోటల్లా దించి నడిపించి నీళ్ళు పట్టవలెను. పాత పత్రికలు, సంచులు వెంట ఉంచుకొని, కుక్క పాడుచేసిన చోటు దాని యజమానే శుభ్రం చేయవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇంకొకటి. ఎండలో నిలిపిన బస్సులో కుక్కను వదిలి ఎవరూ పోరాదు. మనకు పట్టినట్లు దానికి ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాపి వగర్చడమే దాని విసనకర్ర. మూసిన బండిలో ఆ విసనకర్ర పనిచేయదు. అద్దం కాస్త దించినా చాలదు.

వారం ముందు కరియను ఒక వ్యానులో నాలుగు మైళ్ళు తిప్పినాము. మొదటిసారి వాంతి చేసుకొన్నది. రెండోసారి వణికింది. మూడోసారి పెద్దాయన పాత తువ్వాలు కింద పరిచి, పెద్దమ్మగారు పక్కన కూర్చొంటే కిటికీలోంచి చూడడం మొదలుపెట్టింది.

ఇక చూడవలసిన చోట్లు. నిరుడు ఒక్కరోజులో తొమ్మిది చోట్లు చూచినామని పద్దులో గర్వంగా రాసుకొన్నాము. ఈసారి కుక్కకు ఎక్కడ చోటున్నదని లెక్క వేస్తే జాబితా చాలా తగ్గింది. రంగనాథస్వామి కోవెలలోనికి కుక్కను తీసుకొనిపోవడం కుదరదు. కావేరి ద్వీపాలలో వెలసిన మూడు రంగక్షేత్రాలలో మొదటిది గనుక స్వామిని ఆదిరంగడంటారు. ఆ దర్శనం మానరాదు. టిప్పు 1784లో కట్టించిన దరియా దౌలత్ పురావస్తుశాఖ వారిది, అక్కడా జంతువులకు ప్రవేశం లేదు. రంగనతిట్టు పక్షుల శరణాలయం మాట చెప్పనే అక్కరలేదు. అక్కడ పక్షులే కాదు, నీళ్ళలో మొసళ్ళు కూడా ఉన్నవి. దాన్ని పూర్తిగా వదిలినాము. కోవెల, దరియా దౌలత్, సంగమం, ఈ మూడే మిగిలినవి. మొదటి రెండు చోట్లా వంతులు వేసినాము. సగంమంది లోపలికి వెళితే సగంమంది చెట్టునీడన కుక్కలతో ఉంటారు. తరువాత వీరు వెళితే వారుంటారు.

2025 జనవరిలో ఆ ఆదివారం ఉదయం ఆరు గంటలకు బయలుదేరినాము. 2023 మార్చిలో ప్రారంభమైన కొత్త రహదారి ఊళ్ళన్నిటినీ తప్పించి పోతుంది. ఆగవలెనంటే పనిగట్టుకొని పాతదారికి దిగవలెను. నిరుడు తొందరలో ఎక్కడా దిగలేదు. ఈసారి కుక్కలకోసం రామనగరం దగ్గర ఒకసారి, మద్దూరులో ఒకసారి దిగినాము. మద్దూరు వడలో ఉల్లిపాయ దట్టంగా ఉంటుంది. ఉల్లి కుక్కలకు విషం వంటిది. ముగ్గురు పిల్లలను కాపలా పెట్టి, ఒక్క ముక్కయినా వాటి నోట పడకుండా చూచినాము.

అక్కడే మాకు ఒక సంగతి తెలిసింది. ముందు సీటు అడిగిన పెద్దాయన బస్సు దిగి కాళ్ళు సాచుకొని, “నిరుడు తెల్లవారి లేచినది మొదలు గుక్కెడు నీళ్ళు తాగలేదండీ. చక్కెర జబ్బువాణ్ణి. బస్సు ఆపమని అడగడానికి సిగ్గు. ఈసారి కుక్క పుణ్యమా అని రెండుచోట్ల దిగినాము,” అన్నారు. మోకాళ్ళ నొప్పుల వారు, చంటిపిల్లల తల్లులు తలలు ఊపినారు. నిరుడు వీరందరూ మా బస్సులోనే ఉన్నారు. ఒక్కరి అవసరమూ మా ప్రకటనలో లేదు. కుక్క నోరు తెరిచి అడగలేదని దానికోసం అన్నీ ఆలోచించినాము. నోరుండీ అడగలేనివారిని గురించి ఆలోచించలేదు.

కోవెల దగ్గర పెద్దమ్మగారు మొదటి వంతులో లోపలికి వెళ్ళినారు. కరియ ఆవిడ వెళ్ళిన దిక్కే చూస్తూ కాసేపు కుయ్యిమన్నది. గొలుసు పట్టుకొన్నది లాబ్రడార్ ఇంటి అబ్బాయి. కుక్క కరిచిన పిల్ల దూరంగా తల్లి కొంగు పట్టుకొని చూస్తూ ఉన్నది. దగ్గరికి రాలేదు. మేమూ రమ్మనలేదు. దరియా దౌలత్ దగ్గర మాత్రం పామరేనియన్, కరియ ఒకదానిమీద ఒకటి ఎగబడినవి. రెండింటికీ వేరువేరు చెట్లు ఇవ్వవలసి వచ్చింది.

సంగమం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మెట్ల రాయి కాలుతూ ఉన్నది. మన చెయ్యి వెనుకవైపు రాతికి ఆనించి ఏడు లెక్కపెట్టేంతసేపు ఉంచలేకపోతే అక్కడ కుక్క నడవరాదని వైద్యుడు చెప్పి ఉన్నాడు. అందుకని రెండు కొబ్బరినార పట్టాలు తడిపి పరచుకొంటూ దిగినాము. చెప్పులు విప్పిన ముసలివారు కూడా వాటిమీదనే నడిచినారు. ఊరకుక్కలు మీదికి రాకుండా మాస్టారు గొడుగుతో అడ్డం నిలిచినారు. ప్రవాహం ఉన్నది గనుక కుక్కలను నీళ్ళలోకి దింపలేదు.

పెద్దమ్మగారు చివరిమెట్టు మీద కూర్చొన్నారు. ఏడవలేదు. ఇటునుంచి వచ్చే పాయ ఏది, అటునుంచి వచ్చేది ఏది అని అడిగితే చెప్పినాము. దోసిటితో నీళ్ళు తీసి వదిలినారు. మళ్ళీ దోసెడు తీసి కరియ ముందు పట్టినారు. అది తాగింది.

“కరియా, బా ఇల్లి,” అని పిలిచినారు. ఆవిడ కన్నడంలో పిలవగా మేము వినడం అదే మొదలు. కుక్క చెవులు నిక్కించి ఒకసారి అటూ ఇటూ చూచింది. తరువాత వెళ్ళి ఆవిడ పక్కన పడుకొన్నది.

రాత్రి ఎనిమిది గంటలకు ఇళ్ళు చేరినాము. దుప్పట్లు ఉతికించడానికి, సీటు కడిగించడానికి అయిన ఖర్చు కుక్కల యజమానులు ముగ్గురూ పంచుకొన్నారు. ఆ పద్దు సంఘం పుస్తకంలో ఉన్నది. ఎవరైనా చూడవచ్చు.

రాబోయే యాత్రకు దరఖాస్తు కాగితం ఇప్పటికే తయారు చేసినాము. పేరు, వయస్సు, చిరునామా తరువాత కొత్తగా ఒక గడి గీసినాము: “మీరు రావడానికి ఏమైనా అడ్డున్నదా? ఉంటే రాయండి.” చివర ఉండే నిషేధవాక్యం తీసివేసినాము. కాగితం కొంచెం వెలితిగా కనిపిస్తున్నమాట నిజమే. అలాగే ఉండనిస్తాము.