గంట కొట్టే తాతను చూసొచ్చాం

సంక్రాంతి సెలవులు వచ్చాయంటే మా ఇంట్లో ఒకటే గోల. "అమ్మా, అందరూ హైదరాబాద్ చూసిన్రు, నేనొక్కదాన్నే చూడలేదు" అని మా పాప మూతి ముడుచుకుంటుంది. మాది జనగామ. రైలెక్కితే సికింద్రాబాద్‌కు రెండు గంటలు కూడా పట్టదు. అయినా "ఇగ పోదాం, అగ పోదాం" అంటూనే పిల్లకు పదేళ్ళు వచ్చాయి.

హైదరాబాద్ నాకు కొత్త కాదు. పెళ్ళిళ్ళకు, ఆస్పత్రులకు ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. ఊరు చూడడానికి మాత్రం ఒక్కసారి కూడా వెళ్ళలేదు. 2012లో మా అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు మేము ముగ్గురు అక్కచెల్లెళ్ళం వంతులు వేసుకుని ఇరవై రోజులు అక్కడే ఉన్నాం. డిశ్చార్జి రోజు అమ్మ మెల్లగా అడిగింది, "బిడ్డా, మ్యూజియంల గంట కొట్టే గడియారం ఉంటదట. ఇంత దూరమొచ్చినం గద, చూసిపోదామా?" అని. పిల్లల పరీక్షలు దగ్గరపడ్డాయి, చేతిలో డబ్బులు లేవు, రైలుకు టైమవుతోంది. "మళ్ళొచ్చినప్పుడు చూద్దాం తీయమ్మా" అన్నది అక్క. అమ్మ ఇంకేం మాట్లాడలేదు. రెండేళ్ళకు అమ్మ పోయింది. అక్క ఆ మాట తలచుకోని సంక్రాంతి లేదు.

ఈసారి చెల్లెలే పట్టుబట్టింది. "మగోళ్ళకు సెలవు దొరికేది లేదు, మనం పోయేది లేదు. మనమే పిల్లల్ని తీస్కొని పోదాం" అన్నది. మా వారు ముందు నవ్వారు, తర్వాత దగ్గరుండి టికెట్లు తీసిచ్చారు.

చెల్లెలు వాళ్ళది మహబూబాబాద్. వాళ్ళ పాపకు ఎనిమిది, బాబుకు అయిదు. అక్క వాళ్ళు భూపాలపల్లిలో ఉంటారు, బావ సింగరేణిలో పనిచేస్తాడు. అక్క తన ఆరేళ్ళ మనవణ్ణి తీసుకుని బయలుదేరింది. భూపాలపల్లికి రైలు లేదు కనుక తెల్లవారకముందే బస్సెక్కి పరకాల మీదుగా హన్మకొండ వచ్చి, కాజీపేటలో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కింది. అదే రైల్లో చెల్లెలు మహబూబాబాద్‌లోనే ఎక్కి సీట్లు పట్టుకుంది. నేను, మా పాప జనగామలో ఎక్కాం. ఒక్క రైలు ముగ్గురు అక్కచెల్లెళ్ళను ఏరుకుంటూ వచ్చినట్లయింది!

రైలు కదలగానే సంచులు విప్పాం. అక్క తెచ్చిన సకినాలు, చెల్లెలి పులిహోర, నా సర్వపిండి. ఆలేరు దాటాక పిల్లలను కిటికీ దగ్గరికి పిలిచి, "రేపెల్లుండి చూడబోయే బుద్ధుడి రాయి ఈ రాయగిరిలదే" అని చెప్పాను. తర్వాత భువనగిరి గుట్ట కనిపించింది. ఒక్కటే రాయి, దాని మీద కోట. "గంత పెద్ద రాయిని ఎవరు పెట్టిన్రు?" అన్నాడు మనవడు. మా దగ్గర జవాబు లేదు.

మా పిన్ని కూతురు తార్నాకలో ఉంటుంది. మా మకాం అక్కడే. నేను ఇంటి దగ్గరే కాగితం మీద అన్నీ రాసుకుని వెళ్ళాను. మొదటి రోజు మ్యూజియం, చార్మినార్, గోల్కొండ, సాయంత్రం నుమాయిష్. రెండో రోజు జూ, బిర్లా మందిర్. ఆ కాగితం చూసి పిన్ని కూతురు "అక్కా, పిల్లలతోనా?" అని ఒకటే నవ్వు.

మరుసటి రోజు పొద్దున్నే మెట్రో ఎక్కాం. 2017లో మెట్రో మొదలైందని పేపర్లో చదవడమే కానీ ఎక్కడం అదే మొదలు. కదిలే మెట్లు చూసి అక్క ఆగిపోయింది. "మెట్లు ఉరుకుతుంటే కాలు యాడ పెట్టాలె?" అన్నది. మనవడేమో చెయ్యి పట్టి లాగుతున్నాడు. చివరికి లిఫ్టులో వెళ్ళాం. పరేడ్ గ్రౌండ్ దగ్గర రైలు మారి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో దిగాం. అక్కణ్ణుంచి మ్యూజియం ఆటోలో దగ్గరే.

సాలార్‌జంగ్ మ్యూజియం మూసీ ఒడ్డున ఉంది. 1951లో దివాన్ దేవిడీలో నెహ్రూ గారు ప్రారంభించారు. ఇప్పుడున్న భవనంలోకి 1968లో మార్చారు. మేము లోపలికి వెళ్ళేసరికి పన్నెండు కావస్తోంది. అందరూ ఒకవైపే పరుగు. మేమూ పరుగు. గడియారం ముందు తిరనాళ్ళలా జనం. గంటలు మోగాయి, మా పాప పన్నెండూ లెక్కపెట్టింది. కానీ ముందున్న వాళ్ళ తలలు తప్ప మా చిన్నవాళ్ళకు ఏమీ కనిపించలేదు. చెల్లెలు బాబును ఎత్తుకుని చూపించబోయేలోగా అయిపోయింది.

మనవడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "తాత మళ్ళెప్పుడొస్తడు?" అన్నాడు.

"గంటకొకసారి వస్తాడు" అని, చేతిలో కాగితం చూసుకుంటూ, "ఇప్పుడు ఆలస్యమవుతుంది నాన్నా, మళ్ళొచ్చినప్పుడు చూద్దాం" అన్నాను.

అనేశాక గానీ నాకే తెలియలేదు ఏం మాట అన్నానో. అక్క నా వైపు చూసింది. "వద్దే. ఆ మాట అనకు. ఒంటిగంట దాంక ఉందాం" అన్నది. నేను కాగితం మడిచి పర్సులో పెట్టేశాను.

ఆ గంట ఎలా గడిచిందో తెలియదు. మేలిముసుగు రెబెకా విగ్రహం దగ్గర మా పాప చాలాసేపు నిలబడింది. ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో పాలరాతిలో చెక్కిన బొమ్మ. "అమ్మా, ముసుగు కూడా రాయేనా?" అని నాలుగుసార్లు అడిగింది. ఒకే కర్రలో ముందువైపు మగవాడు, వెనక అద్దంలో తలవంచుకున్న ఆడపిల్ల కనిపించే బొమ్మ దగ్గర చిన్నవాళ్ళిద్దరూ ముందుకూ వెనక్కూ తిరిగి తిరిగి అలిసిపోయారు.

ఒంటిగంటకు చాలామంది భోజనాలకు వెళ్ళినట్లున్నారు. పిల్లలను అందరికంటే ముందు కూర్చోబెట్టాం. ఒక పక్కన చిన్న కమ్మరి బొమ్మ క్షణక్షణానికీ సుత్తితో కొడుతూనే ఉంది. టైము కాగానే తలుపు తెరుచుకుంది. గడ్డం తాత వచ్చాడు, టంగ్ మని ఒక్క దెబ్బ కొట్టాడు, వెళ్ళిపోయాడు. అంతే! గంటసేపు కాచుకుంటే ఒక్క దెబ్బ. మాకు నవ్వాగలేదు. మనవడు మాత్రం చప్పట్లు కొట్టాడు. అక్క నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అమ్మ ఉంటే ఇంకో గంట కూసుందామనేది" అన్నది. చెల్లెలు ఆమె చెయ్యి పట్టుకుంది.

బయటికొచ్చి మిగిలిన సర్వపిండి తిని చార్మినార్ వెళ్ళాం. 1591లో కులీ కుతుబ్‌షా కట్టించింది. పైకి 149 మెట్లని తెలిసి అక్క మోకాళ్ళు పట్టుకుంది. కింది నుంచే చూశాం. నాలుగు వైపులా ఉన్న గడియారాలు 1889లో పెట్టారట. మనవడు మెడ పైకెత్తి, "ఈ గడియారంల తాత లేడా?" అన్నాడు. పక్కనే గాజులమ్ముతున్న ఆమె కూడా నవ్వింది. లాడ్‌బజార్‌లో ముగ్గురం ఒకే రకం లక్క గాజులు తీసుకున్నాం. గోల్కొండ, నుమాయిష్ రెండూ వదిలేశాం. పిల్లలు ఎవరూ వాటి ఊసే ఎత్తలేదు.

రెండో రోజంతా జూ పార్కుకే సరిపోయింది. 1963లో పెట్టిన ఆ పార్కు 380 ఎకరాలట. నడిచి చూద్దామంటే పిల్లల వల్ల కాదు, బ్యాటరీ బండి ఎక్కాం. మూడో రోజు లుంబినీ పార్కు నుంచి పడవలో బుద్ధుడి దగ్గరికి వెళ్ళాం. 1990లో తరలిస్తుండగా విగ్రహం సాగర్‌లో పడిపోయింది, ప్రాణాలు కూడా పోయాయి. 1992లో పైకి తీసి నిలబెట్టారు. "అయితే ఈయన కూడా మన రైలు తొవ్వ నుంచే వచ్చిండన్నట్టు" అన్నది చెల్లెలి పాప. అంత చక్కగా నేను చెప్పలేకపోయేదాన్ని.

ఇంటికొచ్చిన వారానికి అక్క ఫోన్ చేసింది. మనవడు తలుపు సందులోంచి బయటికొచ్చి స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొడుతున్నాడట. బావ నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్నా ఊరుకోవడం లేదట!

మీరూ పిల్లలతో వెళ్ళేటట్లయితే నాలుగు మాటలు గుర్తుంచుకోండి:

* మ్యూజియానికి శుక్రవారం, జూకు సోమవారం సెలవు. చూసుకుని బయలుదేరండి.

* చిన్నపిల్లల మణికట్టు మీద మీ ఫోన్ నంబరు పెన్నుతో రాయండి. చెమటకు చెరిగిపోతుంది, మధ్యాహ్నం మళ్ళీ దిద్దండి.

* గడియారం చూడాలంటే పావుగంట ముందే వెళ్ళి పిల్లలను ముందు కూర్చోబెట్టండి. గంటలు ఎక్కువ వినాలంటే పన్నెండుకు, బొమ్మ బాగా కనిపించాలంటే ఒంటిగంటకు.

* సర్వపిండి, సకినాలు రైలుకు మంచివి. పులిహోర మాత్రం మధ్యాహ్నంలోపు ముగించండి.

* పిల్లలతో పూటకు ఒక్కచోటు చాలు. ఇంట్లో పెద్దవాళ్ళు ఏదైనా చూస్తామని నోరు తెరిచి అడిగితే మాత్రం, ఆ రైలు పోయినా ఫర్వాలేదు, చూపించే రండి.