తుమ్ములకూ తిథులున్నాయి

మన ఇళ్ళలో తుమ్ముకు వున్న ప్రతిష్ఠ ఇంతా అంతా కాదు. పసిబిడ్డ తుమ్మితే "చిరంజీవ" అంటారు. ప్రయాణానికి బయలుదేరే వేళ ఎవరైనా తుమ్మితే వెనక్కు వచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసిని మంచినీళ్ళు తాగి మరీ వెళ్ళమంటారు. ఐతే తెల్లవారుజామున లేస్తూనే వరసగా పద్నాలుగు తుమ్ములు తుమ్మే మనిషిని గురించి మన పెద్దలు ఏమీ చెప్పినట్టు లేదు. మా ఆవిడ ఆ కోవకు చెందిన మనిషి.

మేము వుండేది విశాఖపట్నం. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫాను ఈ వూరి చెట్లను వేళ్ళతో సహా పెకలించివేసింది. ఆ తర్వాత, త్వరగా ఎదుగుతుందనీ, ఏడాది పొడుగునా పచ్చగా వుంటుందనీ చాలా వీధుల్లో ఏడాకుల పాల మొక్కలు నాటారు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనక నాకు ఈ చెట్టంటే గౌరవం. సంస్కృత కవుల సప్తపర్ణం ఇదే గదా! ఈ పూల వాసనకు రఘుమహారాజు ఏనుగులు పోటీపడి ఏడు ధారలుగా మదజలం కార్చాయని రఘువంశం నాలుగో సర్గలో కాళిదాసు వర్ణన. మా వీధిలో జనానికి ముక్కూ కళ్ళూ మాత్రమే కారతాయి. దీని చెక్కతో పలకలు చేసేవారు కాబట్టి వృక్షశాస్త్రజ్ఞులు పేరు చివర "స్కాలరిస్" అని తగిలించారు. దసరా దాటిందంటే ఆ పండితవృక్షం గుత్తులు గుత్తులుగా పూస్తుంది. సాయంత్రానికి వీధంతా తలనొప్పి తెప్పించే ఘాటు.

ఇరుగుపొరుగు తీర్పు ఏనాడో చెప్పేశారు: తుమ్ములన్నిటికీ ఈ చెట్టే కారణం, కొట్టించెయ్యాలి అని. మా పెద్ద బావగారిది మరొక సిద్ధాంతం. అది వట్టి జలుబేనట, యాంటీబయాటిక్ అయిదు రోజులు మింగితే సరిపోతుందట. అసలు మామూలు జలుబుకే యాంటీబయాటిక్ పని చెయ్యదు. ఇది జలుబు కూడా కాదు. జలుబైతే వారం పదిరోజుల్లో తన దారిన తాను పోతుంది. ఒళ్ళు నొప్పులూ, ఒక్కొక్కప్పుడు జ్వరమూ వుంటాయి. అలర్జీకి జ్వరం వుండదు. ముక్కు నుంచి నీళ్ళలాగా పలచగా కారుతుంది. ముక్కూ, కళ్ళూ, అంగిలీ దురద. వారాల తరబడి వదలదు. మళ్ళీ ఏడాది సరిగ్గా అదే రోజులకు చుట్టంలా దిగుతుంది. పిల్లల్లో ఇంకొక గుర్తు: అరచేత్తో ముక్కు కొనను అస్తమానం పైకి రుద్దుతూ వుంటారు. డాక్టర్లు దీన్ని "అలర్జీ సలాం" అంటారు. రుద్దగా రుద్దగా ముక్కు మీద అడ్డంగా గీత కూడా పడుతుంది.

మా ఆవిడ ఎవరి సిద్ధాంతమూ ఒప్పుకోలేదు. పాలలెక్క రాసుకునే గోడ కాలెండరు మీదే, తుమ్ములు వచ్చిన రోజున ఎర్రచుక్క, ఏడాకుల పాల పూసిన రోజున పచ్చచుక్క పెట్టడం మొదలుపెట్టింది. రెండేళ్ళ కాలెండర్లు పక్కపక్కన పరిచి చూస్తే తేలిందేమిటంటే, ఎర్రచుక్కలు భాద్రపదంలోనే మొదలవుతున్నాయి. పచ్చచుక్కలు ఇంకా మూడు వారాలకు గాని రావడంలేదు! ముద్దాయి పుట్టకముందే నేరం జరిగిందన్నమాట.

మరి భాద్రపదంలో పూసేదేమిటి? మా పక్కనున్న ఖాళీ స్థలం నిండా నడుమెత్తున చిన్న చిన్న తెల్లపూలు. వయ్యారిభామ! ఎవరు పెట్టారో గాని ఎంత గడుసు పేరు! దీని సొంత వూరు అమెరికా ఖండం. 1950ల్లో పుణె ప్రాంతంలో గుర్తించిన నాటినుంచీ దేశమంతటా అల్లుకుపోయింది. దీని పుప్పొడి ముక్కుకూ ఊపిరికీ, ఆకు చర్మానికీ చేటు. నిజానికి ఘుమఘుమలాడే పువ్వులు సాధారణంగా పురుగులకోసం పూస్తాయి; వాటి పుప్పొడి బరువు, జిగట. గాలిలో తేలి మన ముక్కుల్లోకి వచ్చేది ఎక్కువగా వాసనా సొగసూ లేని గడ్డీ గాదమూ విడిచే పొడి. ఐనా మనం అనుమానించేది వాసన వేసేవాటినే. ఘాటు వాసన పుండుమీద కారంలా అప్పటికే వాచిన ముక్కును మరింత రేపుతుంది, అది వేరే సంగతి.

ఇదంతా కాలక్షేపం కబురు కాదు. నిరుడు కార్తీకంలో ఒక రాత్రి ఆవిడ ఛాతీలోనుంచి పిల్లనగ్రోవి ఊదినట్టు కూత వినిపించింది. తెల్లవార్లూ దిండ్లకు ఆనుకుని కూర్చునే వుంది. పొద్దున డాక్టరుగారు చూసి, ముక్కూ ఊపిరితిత్తులూ ఒకే దారికి రెండు కొసలనీ, ముక్కును అశ్రద్ధ చేస్తే ఆయాసం ముదరవచ్చుననీ చెప్పి, పీల్చే మందు ఇచ్చారు. ఆయన సలహామీద తుమ్ముల మాత్రలు కొన్నాళ్ళు ఆపి పరీక్షకు వెళ్ళాం. ముంజేతిమీద చుక్కలు వేసి సూదితో తాకిస్తారు. పావుగంటలో దద్దురు లేచినదే శత్రువు. వయ్యారిభామ దద్దురు అర్ధణా బిళ్ళంత లేచింది. పరుపుల దుమ్ములో వుండే కంటికానని పురుగుది రెండో స్థానం. అది ఏడాది పొడుగునా వుండేదే గనక దుప్పట్లూ గలేబులూ వారం వారం వేడినీళ్ళలో ఉతుకుతున్నాం.

మందుల్లో డాక్టరుగారు నొక్కి చెప్పింది ముక్కులో కొట్టుకునే స్టిరాయిడ్ స్ప్రే గురించి. దాని గుణం పూర్తిగా తెలియడానికి రోజులు, ఒక్కొక్కప్పుడు వారాలు పడుతుంది. అందుకే తుమ్ములు వచ్చాక కాదు, రెండు వారాల ముందే మొదలుపెట్టమన్నారు. కొట్టేటప్పుడు నడుమ గోడవైపు కాకుండా చెవి వైపుకు తిప్పి కొట్టాలి. బిగిసిన ముక్కును క్షణంలో తెరిచే చుక్కలమందు మాత్రం మూడు నాలుగు రోజులు మించకూడదు. మించితే ముక్కు మరింత బిగుస్తుంది. పాతకాలపు తుమ్ముల మాత్ర వేసుకుని స్కూటరెక్కకూడదు, కునుకు వస్తుంది. కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పు కలిపి ముక్కు కడుక్కోవడం మంచిదేనన్నారు. వూరికే కుళాయినీళ్ళు పనికిరావు. బయటినుంచి రాగానే తలస్నానం, ఆ రోజుల్లో బట్టలు ఇంటిలోపలే ఆరవెయ్యడం — ఇవి ఆవిడ సొంతంగా పెట్టుకున్న నియమాలు.

చెట్లు కొట్టించాలన్న అర్జీ మా గుమ్మానికీ వచ్చింది. ఆవిడ సంతకం పెట్టకుండా కాలెండర్లు చూపించి, ఇంటికి ఇంత అని చందా పోగుచేసి, శ్రావణంలో, ఇంకా పూత రాకముందే, ఖాళీ స్థలంలోని వయ్యారిభామను వేళ్ళతో పీకించింది. పీకినవాళ్ళకు చేతితొడుగులూ ముక్కుకు మాస్కులూ ఇచ్చి, తను మాత్రం కిటికీ తలుపులు బిగించుకుని లోపలే కూర్చుంది. ఈ ఏడు ఎర్రచుక్కలు లేకపోలేదు. వీధి చివర ఇంకొక ఖాళీ స్థలం వుంది, దాని యజమాని ఏ వూళ్ళో వుంటాడో కనుక్కుంటున్నాం. రాత్రిపూట కూత మాత్రం వినబడలేదు.