బోరుకొచ్చింది, పోలేదు

జనవరి 12, 2025, సూర్యాపేట

సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అవుతోంది. 65వ నంబరు హైవే మీద విజయవాడ వైపు కొత్త కార్ల బారు. పక్కన సర్వీసు రోడ్డు మీద మిరప కూలీలతో ఒక పాత ట్రాక్స్ బండి. నంబరు ఏపీ 24. నల్గొండ నుంచి సూర్యాపేట జిల్లా విడివడింది 2016లో. కొత్త బండ్లకు టీఎస్ 29 వచ్చింది, నిరుటి నుంచి టీజీ 29. ఈ బండికి ఇవేవీ పట్టలేదు.

జనవరి 19, కోదాడ

తెల్లారుజాము చలి. ట్రాక్స్ డ్రైవరు తాళం తిప్పి, హీటర్ ఇచ్చి, బీడీ ముట్టించుకున్నాడు. ఈ ఇంజన్‌లో డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడదు. హెడ్‌లో ఉన్న చిన్న గదిలో ముందు అంటుకుంటుంది, మంట అక్కణ్నుంచి సిలిండర్‌లోకి దూకుతుంది. చలిలో ఆ గది వేడెక్కితేగానీ స్టార్టవదు. అందుకే నాలుగు సిలిండర్లకు నాలుగు హీటర్ ప్లగ్గులు. ఈ పద్ధతిలో డీజిల్ కొంచెం ఎక్కువ తాగుతుంది గానీ, పిస్టన్ మీద దెబ్బ మెత్తగా పడుతుంది.

జనవరి 26, మిర్యాలగూడ

రైస్ మిల్లుల దారిలో టీ కొట్టు. ఇద్దరు పాత డ్రైవర్లు. ఒకరిది మహీంద్రా జీపు పక్షం, ఇంకొకరిది ట్రాక్స్ పక్షం.

"పికప్ అంటే జీపుదే."

"పికప్ ఏంజేసుకోవాలె బావా? ఇరవై మందిని మొయ్యాలె గదా!"

రెండూ బయటి దేశపు పుట్టుకే. పాత మహీంద్రా డీజిల్ జీపుల్లో చాలావాటికి ప్యూజో డిజైన్ ఇంజన్, 2112 సీసీ. ట్రాక్స్‌లోది మెర్సిడెస్ ఓఎం 616, 2.4 లీటర్లు. దాన్ని లైసెన్సు మీద పుణె దగ్గర బజాజ్ టెంపో తయారు చేసింది. ఆ కంపెనీయే 2005లో ఫోర్స్ మోటార్స్ అయింది. బెంజి కారు మొహం చూడని తండాలవాళ్లు బెంజి ఇంజన్ మీదే సంతకు వచ్చి పోయారు.

ఫిబ్రవరి 2, సూర్యాపేట

మెకానిక్ షెడ్డులో ట్రాక్స్ ఇంజన్ హెడ్ దించి పెట్టి ఉంది. "పోయిందా ఉస్తాద్?" అన్నాను.

"పోవుడేంది సార్! బోరుకొచ్చింది."

సిలిండర్లు అరిగితే లేత్‌ షాపులో బోరు చేసి ఓవర్ సైజు పిస్టన్లు, రింగులు వేస్తారు. క్రాంకు గ్రైండింగు చేయించి బేరింగులు మారుస్తారు. పంపు, నాజిళ్లు ఇంకో షాపుకి పోతాయి. స్కానర్‌తో పని లేదు. పొగ నల్లగా వస్తే నాజిళ్ల మీద అనుమానం, నీలంగా వస్తే రింగుల మీద, తెల్లగా వస్తూనే ఉంటే నీళ్లు లోపలికి దిగుతున్నాయని.

ఫిబ్రవరి 9

2.4 లీటర్ల నుంచి ట్రాక్స్ ఇంజన్ ఇచ్చేది 72 హార్స్‌పవర్‌కు అటూ ఇటూ. ఇప్పటి 1.5 లీటర్ డీజిల్ కారు 115 దాకా ఇస్తోంది. లీటరుకు లెక్కేస్తే ముప్ఫైకి డెబ్బై అయిదు పైమాట. తన ఒంటికి తగ్గ పని కన్నా తక్కువే చేస్తుంది కాబట్టి ఎక్కువ కాలం బతుకుతుందని అంటారు. కాగితం మీద ఇది సరైన మాటే.

ఫిబ్రవరి 17, దురాజ్‌పల్లి

పెద్దగట్టు జాతర. రెండేళ్లకోసారి లింగమంతుల స్వామి దగ్గరికి జనం కదిలే రోజులు. ట్రాక్స్ లోపలా, వెనక నిచ్చెన మీదా, టాపు మీదా మనుషులే. మనవాళ్లు దీన్ని తక్కువ పని ఎప్పుడడిగారు? ఇంజన్ మొరాయించదు కాబట్టే ఇంకో నలుగురిని ఎక్కిస్తారు. బ్రేకులకూ టైర్లకూ అంత ఓర్పు లేదు. ఈ ఇంజన్ మంచిపేరులో ఆ ప్రమాదాల లెక్క ఎవరూ కలపరు.

ఫిబ్రవరి 20

గ్రీసులో థెస్సలొనీకి ఊరి టాక్సీ డ్రైవరు గ్రిగోరియోస్ సాహినిదిస్ తన 1976 మోడల్ మెర్సిడెస్ 240డిని 46 లక్షల కిలోమీటర్లు నడిపాడు. 2004లో కంపెనీ దాన్ని మ్యూజియంలో పెట్టుకుంది. అందులోనూ ఇదే ఓఎం 616. అయితే ఆ దూరమంతా ఒక్క ఇంజనే లాగలేదు. మూడు ఇంజన్లను మార్చి మార్చి బిగించారు, పదకొండు సార్లు. ఆ పేరులో ఇంజన్ వాటా ఎంతో పానా వాటా అంత. మా ఉస్తాద్ షెడ్డులోనూ జరిగేది ఇదే. ఫొటో తీసేవాళ్లు లేరంతే.

ఫిబ్రవరి 23, కోదాడ

బోరింగ్ మిషన్ అతను ఇప్పుడు ట్రాక్టర్ల పని మీదే బతుకుతున్నానన్నాడు. ట్రాక్స్ సిలిండర్లు రావడం బాగా తగ్గింది. చెడిపోక కాదు, బాగు చేయించిన ఖర్చు ట్రిప్పుల మీద రాక. సగం సీట్లు ఆటోలు పట్టుకుపోయాయి. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. జీపు స్టాండులో కూర్చునేవాళ్లలో ఎక్కువమంది వాళ్లే. వాళ్ల డబ్బులు వాళ్లకు మిగిలాయి, టాపు మీద కూర్చునే గతీ తప్పింది. అది మంచిదే. సిలిండర్ అరిగితే బోరు చేయొచ్చు. సీట్లు నిండకపోతే లేత్ షాపువాడు మాత్రం ఏం చేస్తాడు?