దర్శనమయ్యాక ఎమ్మిగనూరు కూడా!

మంత్రాలయం వెళ్ళినవాళ్ళం ఏం చేస్తాం? తుంగభద్రలో స్నానం, రాఘవేంద్రస్వామి బృందావన దర్శనం, పరిమళ ప్రసాదం సంచిలో వేసుకుని తిరుగు ప్రయాణం! ఈసారి ఒక్కపూట ఆగి, సుమారు 20 కిలోమీటర్లలో ఉన్న ఎమ్మిగనూరు కూడా చూసి రండి.

ఇది నేతగాళ్ళ ఊరు. 1938లో మాచాని సోమప్పగారు ఇక్కడ చేనేత సహకార సంఘం స్థాపించారు. నూలు ఇచ్చి, కూలి ఇచ్చి, నేసిన బట్టను అమ్మిపెట్టడం సంఘం పని. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఎమ్మిగనూరు దుప్పట్లకు పేరొచ్చింది.

మగ్గంమీద కూర్చునేది మగవాడే కావచ్చు. కానీ నూలు చుట్టడం, కండెలు పట్టడం ఇంటి ఆడవాళ్ళ పనే. ఆ చాకిరీకి విడిగా లెక్క ఉండదు. మరమగ్గాలొచ్చాక ఆ కాస్త ఆధారమూ పలచబడింది. ఇక వానలు ముఖం చాటేస్తే, చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు పిల్లాపాపలతో గుంటూరు మిరపచేలకు 'సుగ్గి'కి పోవలసిందే. ఇళ్ళకు తాళాలు, ముసలివాళ్ళే కాపలా.

అందుకే వెళ్ళినప్పుడు ఒక చేనేత దుప్పటి కొనండి. నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే. మొదటిసారి విడిగా, చన్నీళ్ళలో జాడించండి. ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. కప్పుకున్నప్పుడల్లా కండెలు పట్టిన చేతులు గుర్తుకొస్తాయి.